తెల్లారి అయిదింటి నీళ్లు

మా ఊరి ఫిల్టరు నీళ్ల ప్లాంటు నడిపేది నేనే. పగలు కూలికి పోయి, సాయంత్రం ఆరింటికి తెరిచేవాణ్ణి. ఎవరూ వచ్చేవారు కాదు, ఫ్లోరైడు బోరు నీళ్లే తాగేవారు. ఈ నెల కూడా ఇట్లాగే ఉంటే మూసేస్తామన్నాడు సర్పంచి.

నా బిడ్డ రూప నల్లగొండలో కెమిస్ట్రీ చదువుతోంది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, దాంతోపాటు సోషల్ వర్క్ కూడా తీసుకుందని తెలిసి నాకు ఒళ్లు మండింది.

"మందిని ముచ్చట అడుగుడు గూడ సదువేనా బిడ్డా? ఏడోదిల బడి ఇడిసిన నాకే వస్తది గది."

"నీళ్లల్ల ఏమున్నదో కెమిస్ట్రీ చెప్తది బాపూ. మంచి నీళ్లకు ఎందుకు వస్తలేరో ఆడోళ్లే చెప్పాలె. ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు. రూప ఇల్లిల్లూ తిరిగి వచ్చింది.

"నువ్వు తెరిచే యాళకు ప్లాంటు గద్దె మీద మొగోళ్లు తాగి కూసుంటరట బాపూ. ఆడోళ్లు నాట్లకు పోకముందు, తెల్లారి అయిదింటికి తెరువు."

మర్నాడు తాళం తీసేసరికి ముప్పై బిందెలు వరుసలో ఉన్నాయి!

"నీ బిడ్డ చెప్పకపోతే గింత జల్ది లేస్తవని మాకేం ఎరుక ఎల్లస్వామీ," వరుసలో ముందున్న నర్సింగమ్మ నవ్వింది. "జర తిప్పు నల్లా!"

నల్లా తిప్పి, ఇంటి వైపు కేకేశాను.

"రూపా! పక్కూరి ప్లాంటుకు గూడ ఎవ్వలు వస్తలేరట. పోయి అడుగుదాం, దా!"