కలిపిన పాలు

కోడలికి నెలలు నిండకుండానే కాన్పయింది. పిల్లాడు అరచేతిలో ఇమిడేంత ఉన్నాడు. వాణ్ణి గాజుపెట్టెలో పడుకోబెట్టి, ముక్కులోంచి పొట్టలోకి సన్నని గొట్టం వేశారు. తల్లి పిండిన పాలు గిన్నెలో పట్టుకెళ్ళి నడవా చివర కిటికీలో నర్సుకు అందించాలి. ఆ పని అత్తగారు తీసుకుంది.

అత్తగారిది పుట్టినప్పటి నుంచీ పాడితోటి బతుకు. పాలలో నీళ్ళచుక్క కలపదని వాడుక ఇళ్ళవాళ్ళు ఆమెను చిక్కటమ్మ అనేవారు. నీళ్ళు కలపనిదానివి నువ్వేం బాగుపడతావే అని తోటి పాలవాళ్ళు ఎగతాళి చేసినా నవ్వి ఊరుకునేది.

అలాంటి మనిషికి, కోడలిచ్చిన గిన్నె అడుగున పసుపుపచ్చగా, జిగటగా కనబడ్డ నాలుగు చుక్కలు చూస్తే ప్రాణం ఉసూరుమంది. కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డ ఒకావిడ గిన్నెలోకి తొంగిచూసి, ఇంతేనా, మా అమ్మాయికి పొంగిపోతున్నాయి అంది. చిక్కటమ్మకు తల కొట్టేసినట్టయింది. ఈ చుక్కలే వాడికి అమృతం అని నర్సు చెప్పింది కానీ ఆ మాట చెవికెక్కలేదు. తల్లి గేదె పాలివ్వకపోతే దూడను పక్క గేదె పొదుగు దగ్గరకు తోసి బతికించిన చెయ్యి అది. ఆ ధైర్యంతోనే, మర్నాడు నడవా మలుపులో ఆగి, కోడలు తాగడానికి ఫ్లాస్కులో తెచ్చిన కాచిన పాలు గిన్నెలోకి కాస్త వంచింది. ఇవాళ బాగానే పడ్డాయే అని నర్సు మెచ్చుకుంది. ఆ మెప్పు రుచి మరిగి, తర్వాత కూడా అదే పని చేసింది.

ఓ పొద్దున పిల్లాడి పొట్ట ఉబ్బింది. చర్మం నిగనిగలాడుతూ, నీలం నరాలు తేలి, గొట్టంలోంచి ఆకుపచ్చగా వెనక్కి వచ్చింది. విరేచనంలో నెత్తుటి చార కనబడింది. పాలు ఆపేసి, ఎక్స్‌రే తీయించి, డాక్టరమ్మ కోడలి మంచం దగ్గరకు వచ్చింది. నెలలు నిండని బిడ్డ పేగు గోడ వదులుగా నేసిన గుడ్డలాంటిదని చెప్పింది. తల్లి మొదటి పాలు దానికి పూతలా పట్టి, మంచి సూక్ష్మజీవులకు చోటిస్తాయట. అవి కుదురుకోకముందే చెడ్డవి పెరిగితే గోడ పుండై, నెత్తుట్లోకి దిగిపోతాయట. తల్లిపాలు కాక ఇంకేమైనా పట్టారా అని అడిగింది.

"లేదు మేడమ్. అన్నీ నా పాలే. అత్తయ్య స్వయంగా తెచ్చిస్తోంది," అంది కోడలు.

పొట్టలోకి పోయినవి ఎటూ పోయాయి, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకుంది చిక్కటమ్మ. చెబితే కొడుకు తన మొహం చూడడు. మనవణ్ణి ఈ జన్మలో చేతికివ్వరు. చీర చెంగు గుప్పిట్లో నలిపేస్తూ నిలబడింది.

డాక్టరమ్మ లేచి వెళ్ళబోతూ, పొట్ట నెమ్మదిస్తే పట్టగా మిగిలి ఫ్రిజ్‌లో దాచిన తల్లిపాలతోనే మళ్ళీ మొదలుపెడదామంది.

"ఆ పాలు పట్టొద్దు తల్లీ," అంది చిక్కటమ్మ. "అందులో నేను బయటి పాలు కలిపాను."

డాక్టరమ్మ తిట్టలేదు. ఎంత, ఎన్నిసార్లు అని మాత్రం అడిగింది. దాచినవన్నీ పారబోయమని నర్సుకు చెప్పింది. కారణం ఇదేనా, నెలలు తక్కువ కావడమా అన్నది తేల్చి చెప్పలేనంది. పాలు పిండటం మాత్రం ఆపొద్దనీ, ఒక్కో చుక్క దూదికి అద్ది పిల్లాడి బుగ్గలోపల రాస్తామనీ చెప్పి వెళ్ళిపోయింది.

కోడలు గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టినా బాగుండేది. చాలాసేపటికి లేచి కూర్చుని, పైట చాటున పాలు పిండింది. అలవాటుగా చెయ్యి చాచిన అత్తగారికి గిన్నె ఇవ్వలేదు.

"గిన్నె నేను పట్టుకుంటాను. మీరు నన్ను పట్టుకోండి. కుట్లు లాగుతున్నాయి."

ఇద్దరూ గోడవారగా అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళారు. అద్దం అవతల నర్సు వంగి, టేపుతో పిల్లాడి పొట్ట కొలుస్తోంది. ఆమె తల ఎత్తేదాకా వాళ్ళిద్దరూ అద్దానికి ఆనుకుని నిలబడ్డారు. ఎత్తింది. ఇందాకటంతే ఉంది, పెరగలేదు అని సైగ చేసింది. తగ్గిందని అనలేదు.