దారినపోయేటోని ముద్ద

హన్మాండ్లు గంటెతో ఒక్క తోపు తోశాడు. పొయ్యి మీది గిన్నె బోర్లా పడి, ఉడుకుతున్న మక్కపిండి సగం నేల మీద, సగం జుమా పాదాల మీద పడింది. జుమా కుంటుకుంటూ పోయి నల్లా కింద కాళ్లు పెట్టుకున్నాడు.

"ఛల్, నికల్! ఇది మా తెలుగోళ్ల పొయ్యి," అన్నాడు హన్మాండ్లు.

అరబ్బు దేశంలోని ఆ ఐకాడ్ కూలీల క్యాంపు వంటగదిలో ఏ పొయ్యి ఎవరిదని ఎక్కడా రాసిలేదు. అయినా అందరికీ తెలుసు. ఊళ్లో బావి దగ్గర నేర్చిన చదువు కదా, విమానమెక్కితే మాత్రం మరిచిపోతారా మనవాళ్లు! తమను బావి గట్టు ఎక్కనివ్వని పెద్దలను తిట్టుకుంటూ పెరిగినవాళ్లే, ఇక్కడ కెన్యావాడి గిన్నె తగిలితే పొయ్యి కడుగుతున్నారు. జుమా గేటు దగ్గర గార్డు. హిందీ ముందే పట్టుబడింది గానీ, ఈ క్యాంపుకు వచ్చి రెండు వారాలే అయింది.

గొడవ విని క్యాంప్ బాస్ వచ్చాడు. గార్డు తన మీద చెయ్యెత్తాడని హన్మాండ్లు నోరు తిరిగినట్టు అబద్ధమాడాడు.

"గవా ఎవరు? ఎవరు చూశారు?"

"మా రాజశేఖర్ సూసిండు సాబ్."

పక్కనే ఉల్లిగడ్డలు కోస్తున్న రాజశేఖర్ ఉలిక్కిపడ్డాడు. రెండువేల ఇరవైలో కరోనాతో తండ్రి లింబాద్రి ఇక్కడే పోతే, ఇంటివాళ్లెవరూ రాలేని ఆ రోజుల్లో దహనం చేయించింది ఈ హన్మాండ్లు కాకే. ఆయన మాట కాదనడం ఎట్లా?

"కాగితం తెస్తా. దస్తఖత్ పడితే రేపే వీనిది ఖలాస్, వీసా క్యాన్సిల్," అని బాస్ ఆఫీసుకు పోయాడు.

రాజశేఖర్ చూపు పొయ్యి పక్కన మూత మీద పడింది. దాని మీద తీసిపెట్టిన ముద్ద ఒకటి అట్లాగే ఉంది.

"యే క్యా హై?" అని అడిగాడు.

"గట్క. అమ్మీ సిఖాయీ," అన్నాడు జుమా, తల్లి నేర్పిందంటూ. తర్వాత, బడిలో పద్యం అప్పజెప్పినట్టు వచ్చీరాని తెలుగులో చెప్పాడు: "దారినపొయ్యెటోని ముద్ద."

రాజశేఖర్ చేతిలో కత్తి ఆగిపోయింది. గట్క ఊరంతా వండుతారు. తొలిముద్ద మూత మీద తీసి ఆ మాట అనేది మాత్రం ఒక్క తన బాపు లింబాద్రే. "దారినపొయ్యెటోళ్లందరికి మన ఇల్లే దొరికిందా?" అని అవ్వ నవ్వేది.

కాకను బయటికి లాక్కుపోయాడు. "ఎవడు కాకా వాడు?"

"అడుగకు బిడ్డా."

"నాకు తెల్వాలె."

హన్మాండ్లు గోడకు ఒరిగాడు. "మీ బాపు, వాని తల్లి ఒక్క అరబ్బు ఇంట్ల పనిజేసిండ్రు. ఈన డ్రైవరు, ఆమె వంటామె. ఆమె కడుపుతోని వాళ్ల దేశం బోయింది. ఇంట్ల తెల్వద్దని మీ బాపు దవఖాన్ల కెంచి ఫోన్ల నాతోని ఒట్టేయించుకుండు. వీడేమో గేటు కాడ తెలుగోళ్లందర్ని లింబాద్రి ఎర్కనా అని అడుగుతుండు. రేపు నిన్నడుగుతడు. నీ మంచికే రా ఇదంతా. మీ అవ్వకు తెలిస్తే బతుకుతదా?"

ఎంత మోసం చేశావు బాపూ! రాజశేఖర్ విసురుగా వంటగదిలోకి తిరిగొచ్చాడు. రెండేళ్లకొకసారి వచ్చే భర్త కోసం వాకిట్లోనే నిద్రపోయే అవ్వ కళ్ల ముందు మెదిలింది. బాస్ కాగితం తెస్తే పెన్ను అందుకున్నాడు కూడా. వీడు పోతే పీడా పోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు.

అప్పుడు జుమా పాదాలు చూశాడు. బొబ్బలెక్కాయి. తనకు రెండేళ్లకొకసారైనా బాపు దొరికాడు. వీడికి దొరికింది ఒక ముద్ద, ఒక మాట. దాన్నీ ఇప్పుడు నేలపాలు చేశారు.

"యల్లా, జల్దీ!" అన్నాడు బాస్.

"ఇస్‌నే హాథ్ నహీ ఉఠాయా సాబ్, వీడు చెయ్యెత్తలే. గిన్నె నూకింది మా కాకనే." పెన్ను బండ మీద పెట్టాడు. "నేను సంతకం పెట్ట."

"రేపు మీ అవ్వకేం జెప్తవ్ రా?" అన్నాడు హన్మాండ్లు.

బాస్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "రేపు చూద్దాం," అంటూ వెళ్లిపోయాడు.

జుమా కుంటుతూ వచ్చి మూత ముందుకు చాపాడు. "ఖావో, భాయ్." క్యాంపులో అందరూ అందరినీ పిలిచే మాటే అది. "ఏక్ బాత్ పూఛూఁ?"

ఏమడుగుతాడో రాజశేఖర్‌కు తెలుసు. చల్లారిన ముద్ద మొత్తం తీసి నోట్లో పెట్టుకున్నాడు. నోటినిండా ముద్ద ఉన్నంతసేపైనా జవాబు చెప్పనక్కర్లేదు.