జాజిబంద వైర్‌లెస్ సెట్టు మాట

“ఇంతా కట్టపడి మోసుకొచ్చినాక, అవసరానికి ఇది పలక్కపోతే మన గతేటి?”

అట్టపెట్టె మూత ఇంకా తెరవనేలేదు. నన్ను ఎవరూ చూడలేదు. జాజిబందలో నా గురించి నేను విన్న మొదటి మాట అది. అన్నది పాంగి చిలకమ్మ. “నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది, ఊరుకోవే” అని ఎవరో కసిరారు. ఆ మాట మాత్రం నాకు పుట్టుమచ్చలా ఉండిపోయింది.

నేను ఒక వైర్‌లెస్ సెట్టును. మైకు మీద మీట నొక్కి మాట్లాడితే కొండ కింద ఆసుపత్రిలో ఉన్న నా జోడీకి మాట చేరుతుంది. మీట వదిలితే అక్కడి మాట ఇక్కడ వినిపిస్తుంది. ఏదో ఊళ్ళో, పెద్ద రేకుల షెడ్డులో, ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు నా లోపలి తీగలు అతికించారు. వాళ్ళలో ఒకామె పని చేసినంతసేపూ ఇంటి దగ్గర జ్వరంతో పడుకున్న బిడ్డ గురించే తలపోసింది. భయం నాకు అక్కడే అంటుకుని ఉంటుంది.

జాజిబందలో సెల్‌ఫోను పాటలు వినడానికే పనికొస్తుంది. వానాకాలం కొండ దిగువన పారే గెడ్డ పొంగితే దారి తెగిపోతుంది. ఎవరికైనా నొప్పులొస్తే డోలీ కట్టి గెడ్డ దాకా మోయాలి. అవతలి ఒడ్డున తాడు పట్టేవాళ్ళూ అంబులెన్సూ ముందే వచ్చి ఉంటే గట్టెక్కినట్టు. లేకపోతే ఈ ఒడ్డునే కూర్చుని దేవుణ్ణి తలుచుకోవాలి. వాళ్ళను ముందుగా పిలుచుకోవడానికే ఒక సంస్థ గ్రాంటు డబ్బుతో నన్ను కొన్నది.

సంస్థ మనిషి ఫణికుమార్ మంచివాడే. నేను పోతే పైవాళ్ళకు ఏం చెప్పుకోవాలన్నదే ఆయన బెంగ. బడి వసారాలో ఇనుప ఊచల గూడు చేయించి, నన్ను లోపల పెట్టి తాళం వేశాడు. మైకు తీగ ఒక్కటి సందులోంచి బయటికి వేలాడేది. గూటి మీద దాతల పేరున్న స్టిక్కరు నా ముఖం కన్నా పెద్దది. ఊరివాళ్ళు పసుపు రాసి బొట్టు పెట్టారు. కోడిపిల్లను గద్ద ఎత్తుకుపోకుండా గంప కింద మూస్తారు. మంచిదే. పిల్లనడిగితే ఏమంటుందో.

రోజూ పొద్దున్నే ఊరి క్షేమం ఆసుపత్రికి చెప్పాలి. ఎవరికి ఏ కీడు రాబోతుందో అందరికన్నా ముందే ఊహించే మనిషి కనుక ఆ పని చిలకమ్మకే ఇచ్చారు. “ఆసుపత్రీ, జాజిబందోలం. అందరం బాగున్నాం, నేటికి” అనేది. ‘నేటికి’ అనడం ఏనాడూ మరిచేది కాదు. ఆసుపత్రిలో నా జోడీ దగ్గర సంస్థ జీతమిచ్చి పెట్టిన గురుమూర్తి అవతలి నుంచి నవ్వేవాడు. “సరే అత్తా. రేపటి బెంగ రేపటికి అట్టేపెట్టు.”

మూడేళ్ళకు గ్రాంటు అయిపోయింది. నేను ఉన్నాను, కప్పు మీద సోలారు పలక ఉంది, ఆసుపత్రిలో నా జోడీ ఉంది. గురుమూర్తి లేడు. ఫణికుమార్ గూటి తాళంచెవితో సహా వెళ్ళిపోయాడు. సెట్టు సంస్థదని ఆసుపత్రివాళ్ళు, ఆసుపత్రికి ఎప్పుడో అప్పగించామని సంస్థవాళ్ళు. మనుషులు వస్తువును దాచుకున్నంత పదిలంగా అది చేసే పనిని దాచుకోరు.

ఆ వానాకాలంలోనే చిలకమ్మ కూతురు జమునకు తొలి కాన్పు నొప్పులొచ్చాయి. చిలకమ్మ మైకును నోటికి ఆనించుకుని పిలిచింది, పిలిచింది, గొంతు పోయేదాకా పిలిచింది. నాలోంచి వచ్చింది ఇసుక జల్లిస్తున్నట్టు గరగర ఒక్కటే. డోలీ గెడ్డ చేరేసరికి అవతల ఎవరూ లేరు. బిడ్డ ఈ ఒడ్డునే పుట్టింది. ఏడవలేదు.

నన్ను ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాటి నుంచీ చిలకమ్మ మళ్ళీ వచ్చేది. ఊచల్లోంచి వెదురుపుల్ల దూర్చి నన్ను వెలిగించి, గరగరకే క్షేమం చెప్పి వెళ్ళేది. మానేస్తే ఇంకేం మూడుతుందోనని భయం.

జమునకు రెండో కడుపు నిలిచిన కొత్తలో ఫణికుమార్ మళ్ళీ వచ్చాడు, వెంట డబ్బిచ్చే సంస్థ మేడంతో. “ఏం కావాలని అడిగితే కొత్త సెట్టు కావాలను, అమ్మా. రంగుల తెర ఉన్నది వస్తుంది” అని చిలకమ్మకు ముందే నేర్పాడు.

మేడం అడిగింది. చిలకమ్మ నా దగ్గరికొచ్చి, వెదురుపుల్లతో నన్ను వెలిగించి, మీట నొక్కి, “ఆసుపత్రీ, జాజిబందోలం. అందరం బాగున్నాం, నేటికి” అంది. మీట వదిలింది. గరగర. అందరూ నిలబడి విన్నారు. ఫణికుమార్ దగ్గాడు.

“ఎవరూ పలకరేం?” అంది మేడం.

“పలికేవోడి జీతం మీ డబ్బుతోపాటే అయిపోనాది తల్లీ. కొత్తది తెచ్చినా అదీ ఇలాగే ఒంటరిగా అరుత్తాది. ఎవులి డబ్బు ఆగినా ఆగకుండా పలికే మనిషి గావాల.”

“అది ప్రభుత్వం చూడాల్సిన పని, అమ్మా. గ్రాంటులో రాదు” అన్నాడు ఫణికుమార్.

“ఆ పెబుత్వం సేత సూపించడానికి పనికిరాదేటి మీ గ్రాంటు?”

మేడం ఏదో రాసుకుంది. నవ్వలేదు. వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొత్త సెట్టు రాలేదు. దాతల పేరు బోర్డూ రాలేదు. ఫొటో తీయడానికైనా ఎవరూ రాలేదు. వానలు పట్టాయి, గెడ్డ పొంగింది, కింది నుంచి మనిషి పైకి రావడమే ఆగిపోయింది. “నోరు జారినాను. ఇచ్చే కొత్తదీ పోనాది” అని చిలకమ్మ కుమిలిపోయింది. ఒక పొద్దున వెదురుపుల్లతో నన్ను ఆర్పేసింది. “సాలు. నువ్వూ నేనూ గాలికి సెప్పుకున్నది సాలు.”

ఆరిపోయిన సెట్టుకు వసారాలో మాటలు వినిపిస్తాయి, గాలిలో వచ్చే మాటలు వినిపించవు. గూట్లో ఉండటం ఒక చెర. గూట్లో ఆరిపోయి ఉండటం ఇంకొక చెర. నిండు నెలల జమున పొట్ట పట్టుకుని వసారా ముందు నుంచి మెల్లగా నడిచి వెళ్ళినప్పుడల్లా నాలో తీగలు బిగుసుకుపోయేవి. ఎవరైనా ఆ పుల్ల తిప్పితే బాగుండును. తిప్పి మాత్రం ఏం లాభం?

అనుకున్న రోజు రానే వచ్చింది. వాన హోరులో జమున కేక. మగవాళ్ళు డోలీ కడుతున్నారు. చిలకమ్మ తడిసిన చీరతో పరుగెత్తుకొచ్చింది. ఆమె చేతిలో పుల్ల జారింది, మళ్ళీ దూరింది. నేను వెలిగాను. మైకు మీట ఆమె ఇంకా నొక్కనేలేదు.

“జాజిబంద, జాజిబంద.” నాలోంచి ఒక ఆడగొంతు. “ఆసుపత్రి నుంచి డ్యూటీ నర్సుని. రోజూ పొద్దున్నే పిలుస్తున్నాం, మీ నుంచి పలుకు లేదు. ఎవరైనా ఉన్నారా?”

చిలకమ్మ నా వంక, దయ్యాన్ని చూసినట్టు చూసింది.

మేడం డబ్బు ఎటు పోయిందో తర్వాత విన్నాను. ఆ డబ్బుతోనే ఫణికుమార్ నెలల తరబడి జిల్లా ఆఫీసుల మెట్లెక్కి దిగాడట. సెట్టు దగ్గర పలకడం ప్రతి షిఫ్టు నర్సు డ్యూటీలోనూ చేరిందట. సెట్ల మరమ్మతు ప్రభుత్వ ఖర్చులోకి వెళ్ళిందట. స్టిక్కరు అతికించడానికి ఇందులో చోటెక్కడుంది? ఆ కబురు మోసుకొచ్చే మనిషికి గెడ్డ దారివ్వలేదు. నేను ఈనాటికీ ఊచల వెనకే ఉన్నాను. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

“జాజిబంద, ఉన్నారా?” గొంతు మళ్ళీ అడిగింది. ఆగింది. వసారా చూరు నుంచి నీళ్ళు పడుతున్నాయి. “జాజిబంద?”

చిలకమ్మ రెండు చేతులతో మైకు పట్టుకుని మీట నొక్కింది.

“ఉన్నాం తల్లీ. నా కూతురికి నొప్పులు. గెడ్డకి తెత్తన్నాం, తాడట్టుకుని రండి.”