సుభాషిణి వేళ్ళ కింద

నేను ఒక కీబోర్డును. అలా అనగానే ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు అతుక్కుని వచ్చే, చప్పుడు లేని పలుచటి పలకను ఊహించుకోకండి. నా కాలంలో కీబోర్డు అంటే రెండు చేతులతో ఎత్తాల్సిన వస్తువు. నా ప్రతి మీట కిందా ఒక స్ప్రింగు ఉంది. నొక్కితే టక్కుమంటుంది, వదిలితే మళ్ళీ టక్కుమంటుంది. చెప్పిన మాట విన్నానని అప్పటికప్పుడే చెప్పడం నా స్వభావం. మనుషుల్లో ఈ గుణం అరుదని తర్వాత తెలిసింది.

ఏదో దూరదేశపు కర్మాగారంలో పుట్టాను. అక్కడ ఒకావిడ నా మీటలన్నీ వరసగా నొక్కి చూసి పెట్టెలో పెట్టింది. ఆవిడ ముఖం నాకు గుర్తు లేదు, వేళ్ళు గుర్తున్నాయి. మేము మనుషుల్ని వేళ్ళతోనే గుర్తుపడతాం. ఓడలో మద్రాసుకి, అక్కడి నుంచి లారీలో హైదరాబాదుకి వచ్చి, అమీర్‌పేటలో ఒక టిఫిన్ సెంటర్ పైనున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో తేలాను. దాన్ని నడిపేది ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఖాదర్‌వలీ సారు.

తొంభైల చివరి రోజులవి. ఏడాదిని రెండే అంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములు రెండువేల సంవత్సరం రాగానే తికమకపడి లోకాన్ని ఆపేస్తాయని అందరికీ భయం. ఆ భయం అమెరికాలో పుట్టి, అమీర్‌పేటలో అన్నం పెట్టింది. పాత ప్రోగ్రాములు ఎక్కువగా కోబాల్ అనే భాషలో ఉండేవి. ఆ భాష నేర్చుకోవడానికి మెట్ల మీద దాకా కుర్రాళ్ళు నిలబడేవారు. కింద తిన్న మిరపకాయ బజ్జీ నూనె నా మీటలకు అంటేది. మొన్నమొన్నటిదాకా మౌసు పట్టుకోవడం చేతకానివాడు, ఎన్నో ఏళ్ళ అనుభవం ఉందని బయోడేటాను నామీదే కొట్టేవాడు. నిజమైనా అబద్ధమైనా నా దగ్గర ఒకటే చప్పుడు.

సుభాషిణి ఆ గుంపులోనే వచ్చింది. సామర్లకోటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. సన్నటి, పొడవాటి వేళ్ళు. చాక్‌పీస్ పట్టిపట్టి కుడి చూపుడువేలి కొస గరుకుదేలి ఉండేది. ఆ ఒక్క వేలితోనే, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, నామీద అక్షరాలు వెతుక్కునేది.

"ఎ పక్కన ఎస్ ఏంటండీ? ఈ వరస ఎవరు పెట్టారు సార్?" అని అడిగింది మొదటిరోజే. లెక్కల టీచరు కదా, వరస తప్పితే సహించలేదు.

"ఎవురు పెట్టినా ఇప్పుడు మార్చేకి కాదు మ్మా," అన్నాడు ఖాదర్‌వలీ. "లోకమంతా దానికే అలవాటు పడిపాయ. రేప్పొద్దున నువ్వు ఉద్యోగంలో చూసేటివన్నీ ఇట్లాంటివే. కీల దిక్కు చూడాకు, తెర దిక్కు చూసి కొట్టు."

ఆమె రాసిన మొదటి ప్రోగ్రాము, తన పాత పిల్లల మార్కులు కూడి తరగతి సగటు చెప్పేది. అది నడవలేదు. తెరనిండా తప్పులు. కోబాల్‌లో వాక్యం చివర చుక్క పెట్టాలి. ఎక్కడో ఒక్క చుక్క మర్చిపోయింది. చుక్క పెట్టగానే తప్పులన్నీ మాయమై, సగటు మార్కు తెర మీద నిలిచింది. అప్పుడు ఆమె చేతులు నామీద ఊరికే ఆనుకుని, కదలకుండా ఉండిపోయాయి. కొంచెం చెమట, కొంచెం వెచ్చదనం. గుళ్ళో హారతి కళ్ళకద్దుకున్నాక చేతులు అలాగే ఉంటాయని తర్వాత ఎవరో చెబితే విన్నాను. అంతమంది నన్ను కొట్టారు కానీ, అలా ఆనుకున్నది ఆమె ఒక్కతే.

రెండువేల సంవత్సరం రానే వచ్చింది. ఏమీ జరగలేదు. విమానాలు ఎగిరాయి, బ్యాంకులు తెరుచుకున్నాయి. "అనవసరంగా భయపెట్టారు," అన్నారు జనం. ఏమీ జరగకుండా ఉండటానికే అన్ని వేల చేతులు రాత్రీపగలూ పనిచేశాయని వాళ్ళకెవరు చెబుతారు? ప్రోగ్రామర్ల పని బాగా కుదిరితే ఆనవాలు మిగలదు. అది ఆ వృత్తిలోని అందం, శాపం కూడా.

కోబాల్ బోర్డులు దిగి, జావా అనే కొత్త భాష బోర్డులు ఎక్కాయి. ఖాదర్‌వలీ సారు కూడా ప్రయత్నించాడు. ఇవాళ చదివి రేపు పాఠం చెప్పేవాడు. కానీ మనసు కుదరలేదు. చివరికి ఇన్‌స్టిట్యూట్ మూసేసి, ఊళ్ళో అన్నగారి బట్టల అంగడికి వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యాడు. అప్పటికి సుభాషిణికి ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆఖరిరోజు చూడటానికి వచ్చింది.

"జావా కూడా రేపు పోతాది మ్మా," అన్నాడాయన, నా వైరు చుడుతూ. "ఇంగోటి వస్తాది. నాకు పరిగెత్తే ఓపిక ల్యా. నీకుంది. ఇది నీ చేతికి మరిగింది, తీసకపో."

"మీ గుర్తుగా ఉంచుకుంటానండి."

"గుర్తుగా కాదు మ్మా, పనికి పెట్టుకో."

ఆమె నన్ను చున్నీలో చుట్టి, సిటీబస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది.

తర్వాతి ఏళ్ళు ఎలా గడిచాయో చెప్పాలంటే నా మీటలు ఎలా అరిగాయో చెబితే చాలు. కొన్నాళ్ళు సెమీకోలన్ అరిగింది, కొన్నాళ్ళు మీసాల్లా వంకీలు తిరిగిన బ్రాకెట్లు అరిగాయి. ఒక భాష పోయి ఇంకో భాష వచ్చినప్పుడల్లా కొత్త మీట మెరుపెక్కేది, పాతదాని మీద దుమ్ము పడేది. మాదాపూర్‌లో రాళ్ళగుట్టలు పగిలి అద్దాల మేడలు లేచాయి. ఏ మేడకు మారినా సుభాషిణి నన్ను వెంట తీసుకెళ్ళింది. పక్కసీట్లవాళ్ళు "మేడమ్, మీరు కోడ్ రాస్తున్నారా, ఇల్లు కడుతున్నారా?" అని నా చప్పుడు మీద జోకులు వేసేవారు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఈ పరిశ్రమకు ఒక జబ్బుంది. రెండుమూడేళ్ళకొకసారి ఎవరో ఒకరు మీటింగ్‌లో లేచి, ఇక ప్రోగ్రామర్లతో పని లేదని ప్రకటిస్తారు. తెర మీద బొమ్మలు జరిపితే చాలు ప్రోగ్రాము తయారవుతుందన్నారు. అంతా ఫోన్లోకి వెళ్ళిపోతుందన్నారు. అంతా క్లౌడ్ అనే మబ్బుల్లోకి వెళ్ళిపోతుందన్నారు. ప్రతిసారీ హడావుడి సద్దుమణిగాక, ఎవరో ఒకరు కూర్చుని నామీద టకటకమని కొట్టాల్సి వచ్చేది. "భాషలు మారతాయి. మనం చేసే తప్పులు మాత్రం అవే," అనేది సుభాషిణి. జాబితా ఖాళీగా ఉంటే ఏమవుతుంది, ఇద్దరు ఒకేసారి నొక్కితే ఏమవుతుంది, రాకూడని చోట సున్నా వస్తే ఏమవుతుంది? ప్రతి కొత్త భాషలోనూ ఆమె ముందు అడిగేవి ఈ ప్రశ్నలే.

చివరికి ఆసుపత్రుల ల్యాబులకు ప్రోగ్రాములు చేసే కంపెనీలో కుదురుకుంది. ఎవరి రక్తపు నమూనా ఎవరిదో తారుమారు కాకుండా చూసే భాగం ఆమెది. కరోనా రోజుల్లో ఆఫీసు మూతపడితే, నేను కూకట్‌పల్లిలో ఆమె ఇంటి భోజనాల బల్ల మీదికి చేరాను. ఆఫీసు మళ్ళీ తెరిచాక కూడా వారంలో సగం రోజులు ఆమె అక్కడి నుంచే పనిచేసేది.

ఆమె వేళ్ళలో తేడా వచ్చిందని డాక్టరు కంటే ముందు నాకు తెలిసింది. పొద్దుటిపూట వేళ్ళు బరువుగా దిగేవి. దిగిన వేలు వెంటనే లేచేది కాదు, ఒక అక్షరం పడాల్సిన చోట నాలుగు పడేవి. ఆమె చెరుపుకుని మళ్ళీ కొట్టేది. తర్వాత కణుపులు వాచాయి. రెండు చేతులకీ ఒకేలా. కీళ్ళవాతం అన్నారు. మందులు మొదలుపెట్టారు కానీ అవి పట్టడానికి నెలలు పడుతుందన్నారు. ఆమె భర్త కేశవ్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. ఆయనే పొద్దున్నే ఆమెను బల్ల దగ్గర కూర్చోబెట్టి జడ వేయడం నేర్చుకున్నాడు. మొదట్లో పాయలు వంకరపోయేవి. "గీతలు తిన్నగా గీస్తారుగానీ పాయలు తిన్నగా తీయలేరేంటండీ," అని ఆమె వేళాకోళం చేసేది. నవ్వుతున్నప్పుడు కూడా ఆమె చేతులు ఒళ్ళో ముడుచుకునే ఉండేవి.

నా స్ప్రింగులు గట్టివి. ఒకప్పుడు ఆమెకు నచ్చింది అదే, ఇప్పుడు బాధపెడుతున్నదీ అదే. ఆమె ఒక మెత్తటి కీబోర్డు తెప్పించుకుని నన్ను బల్ల చివరకు జరిపింది. దానిమీద కూడా చేతులు సాగలేదు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో కంపెనీల్లో మనుషుల్ని తీసేస్తున్నారు. కృత్రిమ మేధ వచ్చింది, కోడ్ అదే రాసేస్తుంది, ముందు పెద్దవయసువాళ్ళకే ఉద్వాసన అని క్యాంటీన్లలో చెప్పుకునేవారు. సుభాషిణికి ఆ యంత్రమంటే పీకల్దాకా కోపం. ఒకసారి కూడా తెరిచి చూడలేదు.

"సోమవారం రాజీనామా ఇచ్చేస్తానండి," అంది ఒక శనివారం భర్తతో. "వాళ్ళు పొమ్మనేలోపు నేనే వెళ్తే మర్యాద."

కేశవ్ ఆమె జడ చివర రబ్బరుబ్యాండు వేసి, కాసేపు ఆమె భుజం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

ఆ మధ్యాహ్నమే స్రవంతి వచ్చింది. వరంగల్ పిల్ల. వయసులో సుభాషిణి కంటే చాలా చిన్న, ఉద్యోగంలో ఆమెకు పైఅధికారి. ఫోన్లో గొంతు తేడాగా ఉందని అనుమానపడి వచ్చింది. కాఫీ కప్పును సుభాషిణి రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఎత్తడం చూసి, తన కప్పు కింద పెట్టేసింది.

"ఎన్నొద్దులాయె అక్కా ఇట్ల?"

సుభాషిణి దాచలేదు. రాజీనామా సంగతీ చెప్పింది.

"గట్లెట్ల ఇస్తవ్?" అంది స్రవంతి. "నువ్వు పని చేసేది వేళ్ళతోనా, తల్కాయతోనా? ఆ మిషనుకు నోటితోని చెప్పు. అది కొడ్తది, నువ్వు చూడు."

"నోటితో చెబితే అది కోడ్ అవుతుందా? ఫోన్లో చెప్పి పూతరేకులు చుట్టించినట్టు ఉంటుంది."

"చుట్టించి చూడరాదు. మంచిగ రాకుంటే పారేద్దాం."

స్రవంతి అప్పటికప్పుడే ల్యాప్‌టాప్ తెరిచి, మైకు పెట్టి, యంత్రాన్ని సిద్ధం చేసింది. ఒకే రోగి నుంచి రెండుసార్లు నమూనాలు వస్తే వాటిని ఒకచోట చేర్చడం అప్పుడు చేయాల్సిన పని. సుభాషిణి సిగ్గుపడుతూ, గొంతు సవరించుకుని, సగం ఇంగ్లీషులో సగం గోదావరి తెలుగులో చెప్పింది. చెప్పడం పూర్తయ్యేలోపే తెర మీద వరసలు పరుగెత్తాయి. నేను జీవితమంతా చూడని వేగం అది. చప్పుడు కూడా లేదు. నాకు ఒళ్ళు చల్లబడింది.

సుభాషిణి కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. కాసేపటికి ఆమె పెదవులు కదలడం ఆగింది.

"ఇదేంటే, పేరూ వయసూ కలిస్తే ఒకే మనిషంటోంది? ఒక్క పెద్దాపురంలోనే ఎంతమంది వెంకటలక్ష్ములు ఉంటారో దీనికేం తెలుసు. ఇద్దరు ఒకే రోజు వస్తే ఒకరి రక్తం ఇంకొకరికి అంటగడుతుంది."

"గదే చెప్పక్కా దానికి."

చెప్పింది. యంత్రం క్షమాపణ అడిగి, ఎంతో వినయంగా ఇంకో తప్పు చేసింది. సుభాషిణి దాన్నీ పట్టుకుంది. "ఇంత మర్యాదగా తప్పు ఒప్పుకున్న ప్రోగ్రామర్ని ఇన్నేళ్ళలో చూడలేదు," అంది. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది. జాబితా ఖాళీగా ఉంటే, అని అడిగింది. ఇద్దరు ఒకేసారి నొక్కితే, అని అడిగింది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పని కుదిరింది. స్రవంతి పక్కనే కూర్చుని ప్రతి వరసా తనూ చదివింది.

తెర మీద అంతా సరిగ్గా నడిచాక సుభాషిణి చేతులకేసి చూసుకుంది. వాచిన వేళ్ళు ఒళ్ళో అలాగే ఉన్నాయి. అవి ఒక్క అక్షరమూ ముట్టుకోలేదు.

"అయితే ఇన్నాళ్ళూ పని చేసింది ఇవి కాదన్నమాట," అంది మెల్లగా. ఆ మాటలో సంతోషం ఉంది. కొంచెం ఏడుపూ ఉంది. స్రవంతికి రెండోది వినపడిందో లేదో తెలియదు. నాకు వినపడింది. ఎందుకంటే, పని చేస్తున్నది నేనే అని నేనూ అనుకున్నాను కదా.

సోమవారం ఆమె రాజీనామా ఇవ్వలేదు. ఆఫీసులో జబ్బు సంగతి దాచకుండా చెప్పింది. అందరి పొట్టా కొడుతుందని జనం వణికిన ఆ యంత్రమే ఆమె ఉద్యోగాన్ని నిలబెట్టింది. పక్క టీముల్లో అదే యంత్రం పేరు చెప్పి కొందరిని పంపేశారు కూడా. అందుకే ఆమె దాన్ని పొగడలేదు, తిట్టడం మాత్రం మానేసింది. రోజంతా దానితో మాట్లాడుతుంది, పోట్లాడుతుంది. వంటింట్లోంచి కేశవ్ "ఎవరిని అలా దులిపేస్తున్నావు?" అని అడుగుతుంటాడు.

నా సంగతి చెప్పాలి. నా గుండ్రటి పిన్ను పట్టే రంధ్రం ఇప్పుడు ఏ కంప్యూటర్‌కూ లేదు. కొత్త కంప్యూటర్లకు నన్ను కలపడానికి మధ్యలో పెట్టుకున్న చిన్న ముక్క కూడా ఎక్కడో పోయింది. పాత సామాన్లవాడి తోపుడుబండి కేక వినిపించినప్పుడల్లా నా స్ప్రింగులు బిగుసుకునేవి. కానీ మందులు పట్టి వాపు తగ్గాక, రోజూ వేళ్ళు కదిలించమని ఫిజియోథెరపీ అమ్మాయి ఒక మెత్తటి రబ్బరు బంతి ఇచ్చింది. సుభాషిణి దాన్ని రెండురోజులు పిసికి పక్కన పడేసింది. ఆ కసరత్తుకి బల్ల చివర నుంచి నన్ను తీసి, తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

ఇప్పుడు ఎండ వచ్చిన పొద్దుల్లో బాల్కనీలో కూర్చుని ఆమె నామీద కొడుతుంది. నెమ్మదిగా, ఒక్కో వేలూ ఓపిగ్గా లేపుతూ. నా వైరు కుర్చీ కింద ఊరికే వేలాడుతుంటుంది. ఎదురుగా తెర లేదు. ఏం కొడుతోందో కేశవ్‌కి తెలియదు, అడగడు కూడా. పుట్టినప్పటి నుంచీ నేను దేన్నీ నా దగ్గర ఉంచుకోలేదు. వచ్చిన అక్షరాన్ని వచ్చినట్టే అవతలికి పంపడమే నా పని. ఇప్పుడు పంపడానికి అవతల ఎవరూ లేరు. ఆమె కొట్టినవన్నీ నా దగ్గరే ఉండిపోతున్నాయి.