మూడు కార్డుల మీదా హెన్రీ ఇల్లే

శనివారం సాయంత్రం ఆరున్నరకు ఎస్తేరమ్మ ఇంటికి ప్రార్థనకు ఎవరూ రాలేదు. ముందుగదిలో చాపలు పరిచి ఉన్నాయి. టీ రెండుసార్లు వేడిచేసి దించింది. సోమవారం ఉదయం ఆమెకు కడుపు ఆపరేషన్. ఈలోపు సంఘం వచ్చి ప్రార్థన చేయాలన్నది ఆమె కోరిక.

"ఫోను సెయ్యనా అమ్మా?" అంది కూతురు దోర్కా.

"పిలిపించుకునే ప్రార్థనేటే? ఆళ్ళే రావాల."

ఆ సంఘంలో అదే పద్ధతి. ఏ ఇంటికి వెళ్ళాలో సంఘపెద్ద ఆమోసు గుడిలో చదివేవాడు. ఇంటివాళ్ళు నోరు తెరిచి అడగరు. దోర్కా యాప్ చేసి ఇచ్చాక ఆయన చదవడం మానేశాడు. మొన్నటిదాకా ప్రార్థనకు వెళ్ళేది ఒకే గుంపు. ఈ వారం మూడయ్యాయి. యాప్‌లో గుంపుకొక కార్డు, కార్డు మీద వెళ్ళాల్సిన ఇల్లు.

ఎనిమిదింటికి దోర్కా యాప్ తెరిచింది. మూడు కార్డుల మీదా హిజ్లీ స్టేషన్ దగ్గరున్న హెన్రీ ఇల్లే ఉంది. అంతలో ఆమోసు ఫోన్ చేశాడు.

"మూడు గుంపులూ హెన్రీ ఇంట్లోనే పడ్డాయే. ఉమ్మడి కూడికనుకోని పాడీసినాం. సమోసాలు సాలక ఆడి పెళ్ళాం మా ముకాలు సూసింది." ఆయన నవ్వాడు. "ఇంతకీ మీ అమ్మ వంతెప్పుడు?"

"ఇయ్యాలే తాతా."

నవ్వు ఆగింది. "రేపొచ్చీసి ప్రార్థన సేసీస్తాం."

ఎస్తేరమ్మ పక్కనే ఉండి వింది. "జాలిపడి రానక్కర్నేదు. నా వంతని ఆ యాప్‌లో సూసి వత్తే రమ్మను."

దోర్కా వారమంతా గోల్‌బజార్‌లో కంప్యూటర్ కొట్టులో పనిచేస్తుంది. దొరికేది ఆదివారం ఒక్కటే. గుడి నుంచి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎంచిన ఇల్లు దాచే వేరియబుల్ ఫైలు మొదట్లో, కార్డులన్నిటికీ బయట ఉంది. అన్ని కార్డులూ అందులోనే రాశాయి, దాన్నే చదివాయి. సంఘ కార్యదర్శి విల్‌ఫ్రెడ్ ఆఖరున నొక్కింది హెన్రీ ఇల్లు; మూడింటి మీదా అదే నిలిచింది.

ఆమె దాన్ని తెరను గీసే ఫంక్షన్ లోపలికి మార్చింది. ఇల్లు ఎంచింది. తెర మళ్ళీ గీసుకుంది. కార్డు ఖాళీ.

"నిన్న అందరికీ ఒకటే ఇల్లు. ఇయ్యాల ఎవులికీ నేదు. బాగు సేత్తన్నావు," అంది ఎస్తేరమ్మ.

"బయటెడితే అన్ని కార్డులూ దాన్నే దిద్దీసినాయి. లోపలెడితే గీసినప్పుడల్లా సెరిగిపోతంది."

"మరెక్కడెడతావు?"

"ఏ కార్డుది ఆ కార్డు దగ్గరే. తెర గీసినా సెరగని సోట."

"అది నిన్ననే ఎట్టాల్సింది."

దోర్కా కళ్ళు నలుపుకుని, వేరియబుల్‌ను ప్రతి కార్డూ తనకంటూ దాచుకునే స్టేట్‌లో పెట్టింది. మూడు కార్డులకు మూడు ఇళ్ళు ఎంచింది. ఫోన్ అడ్డంగా తిప్పింది, నిలువుగా తిప్పింది. మూడు ఇళ్ళూ నిలిచాయి. కొత్త యాప్ విల్‌ఫ్రెడ్‌కు పంపింది. ఐదింటికి అతను నిన్న తప్పిపోయిన ఇళ్ళు ఎక్కించాడు. మొదటి కార్డు మీద ఎస్తేరమ్మ ఇల్లు వచ్చింది. దోర్కా ఫోన్ తల్లికి చూపించింది. ఆమె చదివి తిరిగి ఇచ్చేసింది.

ఆరున్నరకు ఇంటి ముందు రెండు టోటో రిక్షాలు ఆగాయి. ఆమోసు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఎస్తేరమ్మ టీ గిన్నె పొయ్యి మీద పెట్టింది.