పంతొమ్మిది గేటు పాసులు

ఆ ఉదయం ఎనిమిది గంటలకు మా బాషా తన గేటు పాసు మిషన్ మీద పెట్టాడు. ఎర్ర లైటు వెలిగింది. లుంగీ అంచుతో తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎరుపే. వెనకున్న నేను పెడితే పచ్చ లైటు వెలిగి గేటు తెరుచుకుంది. నేను లోపల, అతను బయట.

"ఏంది సార్ గిది? మిషన్ ఖరాబైందా?" అన్నాడు బాషా.

కొత్త సెక్యూరిటీ ఆఫీసరు ఫోన్లోంచి తలెత్తలేదు. "మిషన్ మంచిగనే ఉంది. నీ పాస్ క్యాన్సిల్. దేశ భద్రత మ్యాటర్. జరుగు పక్కకు!"

"దేశ భద్రతా? ఇరవై రెండేండ్ల సంది గిదే గేట్ల మూటలు మోస్తున్న సార్. మా బాపు గూడ గీడనే మోసిండు."

"నాకు చెప్పకు. లిస్టు పైనుంచి వచ్చింది."

అరగంటలో పంతొమ్మిది మందికి ఎర్ర లైటే వెలిగింది. పంతొమ్మిది మందీ మొఘల్‌పురా వాళ్లే.

మాది డ్రై పోర్టు. నవ్వకండి, సముద్రం లేని హైదరాబాదుకూ రేవు ఉంది. ఓడ దిగిన కంటెయినర్లు సీలు తీయకుండానే రైలెక్కి మా దగ్గరికి వస్తాయి. కస్టమ్స్ వాళ్లు ఇక్కడ సీలు తెంచుతారు, మేం సరుకు దించుతాం. మందులు, మిషన్లు, ఒక్కోసారి మిలిటరీ పెట్టెలు కూడా. పాతబస్తీ హమాలీలం, కంటెయినర్లు ఊడ్చే ఆడవాళ్లతో కలిపి అరవై మందిమి. మా జట్టుకు పెద్ద బాషా.

మా జట్టుకొక కట్టుబాటుంది. పొద్దున మొదటి పెట్టె ఎత్తే ముందు పెద్ద అందరి పేర్లూ పిలుస్తాడు. ఎవరైనా జ్వరమొచ్చి రాకపోతే, పక్కవాడు "నా భుజం మీదున్నడు" అని పలకాలి. పలికినవాడు ఆ రోజు ఇద్దరి బరువు మోయాలి, రెండో కూలి మాత్రం మంచంలో ఉన్నవాడిదే. ఏ పేరుకైనా జవాబు రాకపోతే పెట్టె మీద ఎవరూ చెయ్యి వేయరు. నడుం పట్టేసి నేను నలభై రోజులు మంచాన పడ్డప్పుడు, నలభై రోజులూ నా పేరుకు పలికింది బాషానే. అతను చేసిన మేలుకు నేనేం చేశానో చెప్తాను వినండి.

పోయిన ఏడాది మన సర్కారు ఈ రేవును ముప్పై ఏళ్లకు ఒక విదేశీ కంపెనీకి రాసిచ్చింది. పేరుకే కంపెనీ. వాటాలన్నీ సముద్రం అవతలి ఒక రాజ్యానివే. గేటు, కెమెరాలు, కంప్యూటర్లు, అన్నీ ఆ రాజ్యం చేతికి పోయాయి. మేం భయపడుతుంటే మా యూనియన్ అధ్యక్షుడు రామలింగం వచ్చాడు. ఒకప్పుడు మాతో మూటలు మోసినవాడే, ఇప్పుడు సైదాబాద్‌లో మేడ మీద ఉంటాడు. చేతిలో ఫారాల కట్ట.

"ఫికర్ చెయ్యకుర్రి. మస్తు పెద్ద కంపెనీ, అందరికీ పక్కా నౌకర్లు. గీ ఫారాలు నింపుర్రి. బయటి దేశంల మీ సుట్టాలెవరన్న ఉంటే తప్పకుంట రాయుర్రి. వాళ్లు గూడ బయటోళ్లే గద, ఇజ్జత్ ఇస్తరు."

నమ్మాం. జట్టులో బాగా రాయగలిగింది నేను, ఛత్రినాక వైకుంఠాన్ని. అరవై ఫారాలూ నేనే నింపాను. విదేశీ చుట్టమంటే సిఫారసు అనుకున్నాం, పిచ్చివాళ్లం! "కువైట్‌ల మా తమ్ముడు డ్రైవరు, రాయన్నా" అని బాషా అంటే, "తమ్ముడు ఒక్కడేనా? బామ్మర్ది గూడ ఉన్నడు గద, ఎక్కువుంటే మంచిది" అని నేనే గుర్తుచేసి మరీ రాశాను. అతని మెడకు ఉరితాడు నా చేత్తోనే పేనాను.

ఆ రోజు మేం పని ముట్టలేదు. మధ్యాహ్నం ఛత్రినాకలో యూనియన్ రేకుల షెడ్డు కిక్కిరిసింది. రామలింగం కుర్చీలోంచి లేవకుండానే చేతులెత్తాడు.

"లొల్లి చెయ్యకుర్రి. కంపెనోళ్లతోటి మీటింగ్‌ల మాట్లాడిన. నలభై ఒక్కమంది నౌకర్లకు ఏం గాదు. మిగిలినోళ్లది ఫారంల ఉన్నదాన్ని బట్టి చేసిండ్రు. బయటి దేశాలతోటి సంబంధాలున్నయట."

కంటెయినర్లు ఊడ్చే ఆండాలు లేచింది. "గట్లనా? మా అల్లుడు మస్కట్‌ల లేడా? వైకుంఠమన్నా, నా ఫారంల రాసినవా లేదా?"

"రాసిన" అన్నాను.

"మరి నాకు పచ్చ లైటెట్ల వచ్చింది? మన జట్టుల డానియేలు అన్న ఇద్దరు కొడుకులు దుబాయిలనే ఉన్నరు. ఆయనకెట్ల వచ్చింది? సుట్టాలను జూసిండ్రా, పేర్లు జూసిండ్రా?"

రామలింగం కండువాతో మెడ తుడుచుకున్నాడు.

బాషా మెల్లగా అడిగాడు. "రామలింగమన్నా, ఒక్క మాట చెప్పు. మిలిటరీ పెట్టె ఏ రోజు వస్తది, యాడికి పోతది, అంత ఆ పరాయి సర్కారు కంప్యూటర్ల ఉంటది. తాళంచెవులు వాళ్ల చేతుల పెట్టింది మనోళ్లే. గది దేశానికి ఖత్రా గాదట. కువైట్‌ల బండి నడుపుకునే తమ్ముడున్న నేను ఖత్రానా? నీ బిడ్డ పెండ్లికి నేను బిందెలు మోసిన గద భాయ్. అప్పుడు కనవడలేదా?"

"పైనుంచి ఒత్తిడి ఉంటది బాషా, నీకు తెల్వదు."

"ఫారాలు ఎందుకో నీకు ముందే ఎరుకనా?"

రామలింగం ముఖం తిప్పుకుని కాగితాలు సర్దసాగాడు. కొత్తగా కూలీలను తెచ్చే కాంట్రాక్టు అతని కొడుక్కే దక్కిందని డానియేలు చెప్పేసరికి షెడ్డంతా లేచి నిలబడింది. అన్నం పెట్టిన చేతినే నరికాడు!

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "బాషా, రాసింది నేనే. నన్ను కొట్టు" అన్నాను.

"నిన్ను కొడితే గేటు తెరుసుకుంటదా? నీ కలం వాడుకున్నది వాళ్లు. మల్ల గా కలమే తీయి" అన్నాడు.

అక్కడే కంపెనీకీ సర్కారుకూ మా డిమాండ్లు రాశాను. అరవై మందీ లోపలికి రావాలి. రేవు తాళాలు పరాయి సర్కారు చేతిలో ఉండొద్దు, దేశం చేతికి రావాలి. ఒక్క పాసు రద్దయినా అరవై పాసులూ రద్దయినట్టే. అందరూ సంతకాలూ వేలిముద్రలూ పెట్టారు. రామలింగం ఎప్పుడు లేచి పోయాడో ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే గేటు ముందు కూర్చున్నాం. పచ్చ లైటు వచ్చే నలభై ఒక్క పాసులూ మిషన్ కింద కుప్ప పోశాం. ట్రెయిలర్లు రోడ్డు పొడవునా ఆగిపోయాయి. తొమ్మిదింటికి పోలీసు వ్యాన్లు వచ్చాయి.

"బాషా ఎవడు?"

"నేనే సార్."

"దేశ భద్రతకు సంబంధించిన చోట అడ్డం కూసుంటవా? నడువ్!"

"దేశం గురించే కూసున్న సార్" అన్నాడు బాషా. కాలర్ పట్టి లాగారు. చెప్పు ఒకటి రోడ్డు మీదే ఉండిపోయింది. వ్యాను ఎక్కుతూ నా వైపు తిరిగి, "వైకుంఠం, టైం అయింది. పేర్లు పిలువు" అన్నాడు.

వ్యాను కదిలింది. కంపెనీ మేనేజరు గేటు లోపలినుంచి తొంగి చూశాడు. "నలభై ఒక్కమంది లోపలికి రండి. మీ మీద కేసులుండవు. పాసులు తీసుకోండి."

ఎవరూ లేవలేదు. నేను లేచి నిలబడ్డాను. జట్టు పేర్లలో ఎప్పుడూ మొదట ఉండే పేరే పిలిచాను.

"బాషా!"

మా పిలుపులో ఆడవాళ్ల పేర్లు ఏనాడూ లేవు. ఊడ్చేవాళ్లను జట్టులో లెక్కపెట్టకపోవడం మా తప్పు. మొదట పలికింది వెనక వరుసలో కూర్చున్న ఆండాలే.

"నా భుజం మీదున్నడు!"

"నా భుజం మీదున్నడు" అన్నాడు డానియేలు. తర్వాత ఎవరెవరు పలికారో చెప్పలేను, అందరూ ఒక్కసారే పలికారు.

నేను రెండో పేరు పిలిచాను. ఆండాలు పేరు.

"ఉన్న!" అంది.