రెండో గీత

ఆ ఏడాది మొదట్లో అబ్దుల్ ఖాదర్ చేతిలో ఉన్నవి ఇవీ: రెండు రెక్సిన్ సంచులు, ఒక రైలు పాసు, తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్ళలో మందుల షాపుల వాళ్ళ నమ్మకం, నలభై నాలుగేళ్ళ భార్య యాస్మిన్. పిల్లలు లేరు. లేరు అన్నంత మాత్రాన ఇక రారని అతను ఎప్పుడూ లెక్క తేల్చుకోలేదు. యాస్మిన్ కూడా తేల్చుకోలేదు. నెలకొకసారి పొద్దున్నే వంటింట్లోంచి "ఇవాళ నమాజు లేదు" అనేది. ముట్టు రోజుల్లో ఆడవాళ్ళు నమాజు చెయ్యరు కాబట్టి, ఆ సంగతి మగాళ్ళ చెవిన వెయ్యడానికి వాళ్ళ ఇళ్ళల్లో ఉన్న మాట అదొక్కటే. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ విషయం మీద వాళ్ళిద్దరి మధ్యా మరో మాట నడవలేదు. ఖాదర్ తల ఊపి, సంచులు భుజాన వేసుకుని రైలుకు వెళ్ళేవాడు.

దూది, బ్యాండేజీ, థర్మామీటర్లు, గ్లూకోజు పొడి, కడుపు నిలిచిందో లేదో చూసుకునే పట్టీలు విజయవాడలో తీసుకుని మూడు ఊళ్ళ షాపులకూ వెయ్యడం అతని వ్యాపారం. ఏ కొత్త సరుకైనా ముందు ఇంట్లో వాడి చూశాకే షాపుకు వేస్తాడు. నొప్పుల మందు వస్తే యాస్మిన్ మోకాలికి రాసుకోవాలి. థర్మామీటరు వస్తే ఆమె నాలుక కింద పెట్టుకోవాలి. "బాగుంది" అంటే ఆర్డరు పెట్టేవాడు, "మంటగా ఉంది" అంటే తిప్పి పంపేవాడు. దేనికని ఆమె అడిగేది కాదు. ఈ పద్ధతి వల్ల అతను ఒక్కసారి కూడా దెబ్బతినలేదు.

ఆ ఏడాదే, రెండు వేల ఏడు వేసవిలో, విజయవాడలో హోల్‌సేలు చేసే పాండురంగారావు అతని ముందు ఒక అట్టపెట్టె పెట్టాడు. నిండా వెండి రంగు పొట్లాలు. చూడ్డానికి కడుపు పట్టీల్లాగే ఉన్నాయి.

"దానికి తిరగేసిన సరుకు ఇది, ఖాదర్ గారూ," అన్నాడు పాండురంగారావు. "ముట్లుడిగే వయసు ఆడవాళ్ళకి. ఆ వేళకి ఒంట్లో ఏదో హార్మోను పెరుగుద్దంట. అది మూత్రంలో ఎక్కువుంటే రెండో గీత ముదురుగా పడుద్ది. డాక్టరమ్మని అడగడానికి సిగ్గుపడేవాళ్ళు ఇంట్లోనే చూసుకోవచ్చు."

వారం ఆగి మళ్ళీ చూసుకోవాలని, ఒక్కసారి చూసి నమ్మకూడదని, ఆ వయసులో ఆ హార్మోను ఒక నెల పెరిగి ఒక నెల తగ్గుతుందని, ఏ సంగతైనా డాక్టరే తేల్చాలని లోపలి కాగితంలో రాసి ఉందట. ఖాదర్ అక్కడే నిలబడి లెక్క వేశాడు. నందివెలుగు, కొలకలూరు, దుగ్గిరాల నుంచి తెనాలి షాపులకు వచ్చే ఆడవాళ్ళలో ఆ వయసు వాళ్ళకు కొదవ లేదు. సరుకు కదులుతుంది. ఆ లెక్క వెనకాల ఇంకొకటి కూడా ఉంది. వంటింట్లోంచి ఆ మాట వినపడి మూడు నెలలు దాటింది.

మర్నాడు పొద్దున్న రెండు పొట్లాలు యాస్మిన్ చేతిలో పెట్టి, ఎలా వాడాలో చెప్పాడు.

"దేనికండీ ఇది?" అంది యాస్మిన్. అంతకు ముందు ఏ సరుకుకూ ఆమె అలా అడగలేదు.

ఖాదర్‌కు నాలుక తిరగలేదు. షాపు వాళ్ళకైతే గడగడా చెప్పేవాడే. "ఒంట్లో ఎలా ఉందో తెలుస్తుంది. చూసుకో," అనేసి రేపల్లె బండికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం తెనాలిలో ఇంటికి తిరిగి వచ్చేసరికి గడపలోనే నెయ్యిలో వేగిన సేమ్యా వాసన తగిలింది. యాస్మిన్ పాయసం గిన్నె అతని ముందు పెట్టి, చేతిరుమాలు మడతలోంచి పట్టీ తీసి చూపించింది. రెండు గీతలు. పక్కింటి కోటిరత్నం కోడలు దుర్గాభవాని కిందటేడు ఇలాంటిదే గోడ మీదుగా చూపించి, ఇంట్లో అత్తకు కూడా చెప్పకముందు యాస్మిన్‌కే చెప్పింది. రెండు గీతలంటే ఏమిటో యాస్మిన్‌కు అప్పటి నుంచే తెలుసు.

"మూడు నెలల నుంచీ దిష్టి తగులుద్దని నోరెత్తలేదు నేను," అంది. "మీరూ అడగలేదు. అనుమానం వచ్చే తెచ్చారు గదా?"

ఆమె మొహం అలా వెలగడం ఖాదర్ పెళ్ళయిన కొత్తలో చూశాడు, మళ్ళీ అప్పుడే. తల వంచుకుని పాయసం తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యాక, ఇక నోరు తెరవాల్సి వస్తుందని మరో గరిటె వెయ్యమన్నాడు.

వారం ఆగి మళ్ళీ చూడాలని కాగితంలో ఉంది కదా, అప్పుడు చెబుదామని తనకు తాను గడువు ఇచ్చుకున్నాడు. షాపుకు ఒక సరుకు బదులు ఇంకోటి వేస్తే సాయంత్రంలోగా వెళ్ళి మార్చి ఇచ్చే మనిషి అతను. ఇంట్లో ఇచ్చిన సరుకు మార్చలేకపోయాడు. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువు పెరిగింది. యాస్మిన్ బిందె ఎత్తడం మానేసింది. ఇంట్లోకి బొప్పాయి రానివ్వలేదు. ఆడపిల్లయితే అమ్మ పేరు పెడదామని ఒకసారి, మగపిల్లాడైతే మీ ఇష్టమని ఇంకోసారి అంది. వారం తిరిగాక రెండో పొట్లం తనే విప్పి చూసుకుని, గీత ఇంకా ముదిరిందని నవ్వుతూ వచ్చింది.

ఆ శుక్రవారం బాపట్ల వెళ్దామంది. అక్కడ ఆమె అక్క హుస్సేన్ బీ ఉంది, అయిదుగురు బిడ్డల తల్లి. కిందటేడు మేనకోడలి పెళ్ళిలో యాస్మిన్ పసుపు పళ్ళెం అందుకోబోతే, పిల్లల్లేని చెయ్యి తగలకూడదని అందరి ముందూ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. అక్కకు ముందుగా తనే చెప్పాలని యాస్మిన్ పట్టు. ఖాదర్‌కు ఎటు లెక్క వేసినా ఒకటే తేలింది. బాపట్లలో ఆ మాట యాస్మిన్ నోటి నుంచి వెలువడితే, రేపు అది అబద్ధమని తెలిశాక ఆమె ఇక ఏ పెళ్ళిలోనూ తల ఎత్తుకోలేదు. రైలు దిగేలోపల చెప్పాలి.

చుండూరు దాటాక చెబుదామనుకున్నాడు. నిడుబ్రోలులో తాటిముంజల గంపతో ఒకామె ఎక్కింది. రాజమ్మ అట, ఎవరో పిలిచారు. ఆమె యాస్మిన్ ఎదురుగా కూర్చుని, చెయ్యి పొట్ట మీద ఆనించి ఉండడం చూసింది.

"ఏం తల్లీ, నీళ్ళోసుకున్నావా?"

యాస్మిన్ కొంగు సర్దుకుని అవునన్నట్టు తల వంచుకుంది. ఆ మాట ఒప్పుకోవడం ఆమె జీవితంలో అదే మొదలు.

"మొదటిదేనా? ఆలస్యమైతే ఏంలే, దేవుడు ఇచ్చినప్పుడే మనకి వేళ," అంటూ రాజమ్మ కొన్నదానికి మించి ముంజలు ఆమె ఒళ్ళో వేసింది. ఖాదర్ కిటికీ వైపు తిరిగాడు. అప్పికట్ల స్టేషను కూడా వెనక్కి వెళ్ళిపోయింది.

బాపట్ల ప్లాట్‌ఫారం మీద రిక్షా కోసం నడవబోతున్న యాస్మిన్‌ను సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టాడు.

"యాస్మిన్, అది ఆ పట్టీ కాదు."

"ఏ పట్టీ?"

"దుర్గాభవాని చూపించిన రకం కాదు. ఇది వేరే."

"మరేంటది?"

పాండురంగారావు చెప్పిన మాటలన్నీ గుర్తున్నాయి. ఒక్కటీ భార్య ముందు పలకలేకపోయాడు. చివరకు తమ ఇంట్లో ఉన్న మాటతోనే చెప్పాడు. "ఇక మీదట నీకు నమాజు మానే రోజులుండవని చెప్పే పట్టీ అది."

యాస్మిన్‌కు వెంటనే అందలేదు. అందాక ఒళ్ళోని ముంజలు కింద పడకుండా కొంగు ముడి బిగించుకుంది.

"రెండోసారి చూసినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"పాయసం తిన్నప్పుడు?"

"తెలుసు."

"అడిగి మరీ వేయించుకున్నారు," అంది.

ఆమె ఏడ్చి ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది. వెనక్కి వెళ్ళిపోదామా అని అడిగాడు. వచ్చాం గదా, ముంజలిచ్చి పోదామంది. హుస్సేన్ బీ ఇంట్లో ముంజలు తనే ఒలిచి పిల్లలకు పెట్టింది. ముంజలివ్వడానికి ఇంత దూరం వచ్చారా, బాపట్లలో దొరకవా అని అక్క నవ్వితే, నిన్ను చూడబుద్ధయింది ఆపా అని మాత్రం చెప్పింది.

తిరుగు రైల్లో సగం దూరం వచ్చాక, యాస్మిన్ కిటికీ వైపు చూస్తూనే మాట్లాడింది. ఏడాది నుంచీ ఉన్నట్టుండి ఛాతీలోంచి సెగ లేచి మెడ దాకా పాకుతోందని, నిమిషంలో జాకెట్టు తడిసిపోతోందని, నిద్ర ఉండడం లేదని, ఊరికే కోపం వస్తోందని. పొయ్యి వేడి అనుకున్నానంది. ఈ వారం మాత్రం అది బిడ్డ వేడి అనుకున్నానంది. ఖాదర్ విన్నాడు. ఇంత సంగతి ఒకే ఇంట్లో ఉండి తనకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

తెనాలిలో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, స్కానింగు తీయించింది. కడుపు లేదు. ముట్లుడిగే దశ మొదలైంది, అది పూర్తి కావడానికి ఇంకా కొంతకాలం పట్టొచ్చు, మధ్యలో ఎప్పుడైనా ముట్టు రావచ్చు కూడా అంది. ఖాదర్ మిగిలిన పొట్లాలు తిప్పి పంపబోతే యాస్మినే ఆపింది. "అమ్మండి. కాకపోతే అదేంటో నోటితో చెప్పి అమ్మమనండి." రేపల్లెలో మందుల షాపు మత్తయికి ఖాదర్ మొదటిసారి ఆ సంగతి దాపరికం లేకుండా, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పాడు. అలా చెప్పి అమ్మమంటే సరుకు పెద్దగా కదల్లేదు.

ఆ ఏడాది వ్యాపారం అంతే. ఇంటికి వస్తే, ఆ పాయసం యాస్మిన్ మళ్ళీ వండలేదు, అతను అడగలేదు. పక్కింట్లో దుర్గాభవాని పిల్ల నడక నేర్చింది. గోడ అవతల నవ్వులు వినపడితే యాస్మిన్ పెరటి తలుపు దగ్గరగా వేస్తుంది. కానీ అన్నం తింటూ తింటూ ఒక్కోసారి కంచం పక్కకు జరిపి, "వచ్చిందండీ," అంటుంది. ఖాదర్ చెయ్యి కడుక్కుని లేచి, తువ్వాలు తడిపి ఆమె మెడ మీద వేసి, సెగ దిగేదాకా పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతాడు. ఇదివరకు ఆమె ఒక్కతే పడేది, ఇప్పుడు అతనికి చెబుతోంది. ఆ ఏడాది లెక్కలో వచ్చింది అదొక్కటే.